రేపటికి ఉండని బియ్యం

కెజియా పండించిన బియ్యానికి ఒకే ఒక్క లోపం. అది రేపటికి ఉండదు.

మిగతా సంగతుల్లో దానికి వంక పెట్టడానికి లేదు. ఉప్పు కక్కే నేలలో పండుతుంది. మామూలు వరి తాగే నీళ్ళలో నాలుగో వంతు తాగి ఊరుకుంటుంది. పక్క చేలో వరి ఇంకా పొట్ట మీద ఉండగానే ఇది కోతకొస్తుంది. మొక్క లోపల, వేరు నుంచి గింజ దాకా కాపురముండే ఒక సూక్ష్మజీవి ఈ చాకిరీ అంతా చేసిపెడుతుంది. కంకిని మొక్క నుంచి కోసిన మరుక్షణం మాత్రం అది తన కూలి తాను తీసుకోవడం మొదలుపెడుతుంది. గింజలోని పిండిని తినేస్తుంది. పొద్దున కోసిన గింజ రాత్రి పడుకునే దాకా నిక్షేపంగా ఉంటుంది. మర్నాడు లేచి చూస్తే మిగిలేది పులిసిన వాసన కొట్టే బూడిదరంగు పొడి. విత్తనం కూడా కోసిన రోజే చల్లుకోవాలి. ఎండబెట్టి చూశారు, ఉడికించి ఉప్పుడు బియ్యం చేసి చూశారు, మంచుపెట్టెలో దాచి చూశారు. జీవి చచ్చినా అది గింజలో వదిలిన రసం తన పని తాను కానిచ్చేది.

పరిశోధన కేంద్రం డైరెక్టరు గారు ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి, "నిలవ ఉండని ధాన్యం ధాన్యం కాదమ్మా, ఆకుకూర," అన్నారు. ఆ మాటతో కెజియా ఏళ్ళ తరబడి చేసిన పని అటకెక్కింది.

ఆఖరి ప్రయత్నంగా వేసిన మళ్ళు మాత్రం ఉప్పుమొగలో మిగిలాయి. ఉప్పుమొగ సముద్రం ఒడ్డు ఊరు. అక్కడి గుడికి పూర్వం మిషనరీ దొరలు రాసిచ్చిపోయిన పొలం ఉంది. దొరలిచ్చారు కదా అని మంచి నేల అనుకునేరు, ఎవరికీ అక్కర్లేని చవుడు. ఆ గుడి పాస్టరు నెహెమ్యా కెజియా భర్త. అందుకని ఆమె వారమంతా ల్యాబులో డాక్టర్ కెజియా, శనాదివారాలు స్త్రీల సమాజానికి అమ్మగారు. పాస్టరు భార్యని అమ్మగారు అనడం అక్కడి మర్యాద. రెండు కొలువుల్లోనూ ఆమెకి గిట్టనివి మీటింగులే.

ఆ మళ్ళు దున్నించేద్దామని ఆమె వెళ్ళిన పొద్దున నెహెమ్యా గట్టు మీద నిలబడి ఉన్నాడు. అతడి చేతిలోని సంచి అడుగు నుంచి పొడి రాలుతోంది.

"నిన్న కాస్త ఎక్కువే కోశాను. ఇంటికి సరిపడా వండుకున్నాం, మిగతాది ఇందులో దాచాను. చూడు ఏమైందో," అన్నాడు.

"అదేగా లోపం."

"లోపమేంటి కెజియా? నువ్వు చిన్నప్పుడు ఆదివారం బడికి వెళ్ళలేదా?"

అతడి మొహం చూశాక ఆమెకి వెలిగింది. ఎడారిలో నడిచే జనానికి ఆకాశం నుంచి రాలిన మన్నా. ఏ పూటది ఆ పూటే ఏరుకోవాలి, రేపటికని దాచుకుంటే పురుగు పడుతుంది. ఆదివారం బడిలో ఆ బొమ్మకి రంగులు పూసిన వాళ్ళలో ఆమె కూడా ఉంది. తన వైఫల్యం తన మొగుడికి ప్రసంగంగా కనిపిస్తోందని తెలిసి ఆమెకి నవ్వొచ్చింది. లోపల్లోపల సంతోషం కూడా వేసింది.

నెహెమ్యా అలాంటి ప్రసంగం కోసం చాలాకాలంగా కాచుకుని ఉన్నాడు. ఉప్పుమొగ సంఘం ఒకప్పటి సంఘం కాదు. రొయ్యల చెరువులు వచ్చాయి. నర్సు చదువులు చదివిన ఆడపిల్లలు సంపాదనలో పడ్డారు. సంఘ పెద్ద జెకర్యా గారి అబ్బాయి పెళ్ళిలో వండిన బిర్యానీ సగానికి సగం గుడి వెనక కాలువలోకి పోయింది. ఆ కంపుకి ఆ వారం ఆరాధన కిటికీలు మూసుకుని జరిగింది. కాలువ దిగువన పల్లెపాలెం ఉంది, చేపల వేటకి పోయేవాళ్ళ పేట. అక్కడి నుంచి గుడికొచ్చే కృపమ్మ అనే పెద్దావిడ నెహెమ్యాని మెట్ల మీద ఆపి, "అయ్యగారూ, మీ బిర్యానీకి కాలవలో చేపలు కూడా మొహం మొత్తి ఒడ్డుకొచ్చినియ్యి," అని చెప్పి చక్కా పోయింది. ఆ మాట అతణ్ణి చాలా రోజులు పొడుస్తూనే ఉంది.

ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో మొదటి ఆదివారం అతడు సంఘాన్నంతా పొలానికి నడిపించుకెళ్ళి గట్టు మీదే ప్రసంగం చేశాడు. కడుపు నిండా తినడం పాపమేమీ కాదన్నాడు. రేపటి భయంతో పక్కవాడి ఇవాళ్టి కూడు దాచెయ్యడం పాపమన్నాడు. ఈస్టరు దాకా ఈ పొలం బియ్యం తప్ప వేరే బియ్యం ఇంట్లో ఉంచకుండా బతకగలిగిన వాళ్ళు చెయ్యెత్తమన్నాడు. ముందు జెకర్యా గారు ఎత్తారు. ఆయన ఎత్తాక చెయ్యి కిందే ఉంచుకునే ధైర్యం ఎవరికుంది?

రోజూ ఏదో ఒక మడి కోతకి అందేలా కెజియా అప్పటికే వరసలు వేసి నాట్లు వేయించి ఉంచింది. తెల్లవారుతూనే కోత. గుడి వసారాలో తడి లాగే యంత్రం, దాని పక్కన చిన్న మర. పొద్దెక్కేసరికి మనిషికింత అని బియ్యం చేతికొచ్చేవి. మరీ కొత్త బియ్యం కాబట్టి అన్నం ముద్దయ్యేది. నాలుగు రోజులు మూతులు ముడిచి, తర్వాత ఆ ముద్దకే అలవాటు పడ్డారు.

ఈస్టరు వచ్చింది, వెళ్ళింది. దీక్ష మాత్రం ఆగలేదు. అది నిజంగానే పనిచేసింది మరి. సాయంత్రమయ్యేసరికి ఎవరింట్లో మిగిలిన బియ్యం వాళ్ళు పళ్ళెంలో పోసుకుని వీధిలోకి వచ్చేవారు. రేపటికి ఉండని దాని మీద పిసినారితనం చూపించడం ఎవరికీ చేతకాదు. ఏళ్ళుగా మాటల్లేని తోడికోడళ్ళు ఆ పళ్ళెం పుణ్యమా అని పలకరించుకున్నారు. కాలువ తేటపడింది. పెళ్ళిళ్ళకి వచ్చేవాళ్ళెందరో కనుక్కుని వండడం మొదలైంది. బియ్యంతో మొదలైన పట్టుదల బట్టలకీ సామాన్లకీ పాకి, స్త్రీల సమాజం వాళ్ళు బీరువాలు దులిపి ఉన్నవాటిలో సగం పంచేశారు. కెజియా మొదట నమ్మలేదు, తర్వాత నమ్మింది, ఆ తర్వాత గర్వపడింది.

గర్వం ఆమె ఒక్కదానికే ఉందని కాదు. "మా ఇంట్లో రేపటికి గింజ లేదండీ," అని జెకర్యా గారి భార్య రత్నకుమారి చుట్టాలకి చెప్పే తీరు చూస్తే, ఆవిడ పూర్వం కొత్త వడ్డాణం చూపించిన తీరు గుర్తొచ్చేది. ఆ మాట చెప్పి, వాళ్ళు నోరెళ్ళబెట్టే దాకా ఆగేది కూడా.

పల్లెపాలెం వాళ్ళు దీక్షలో చేరలేదు. చేరమని అడగడానికి వెళ్ళిన కెజియాతో కృపమ్మ వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా అంది. "నేను పుట్టినకాడి నుంచీ ఆ దీక్షలోనే ఉండా అమ్మగారూ. నన్నెవురూ చెయ్యెత్తమనలా, అంతే తేడా."

కెజియా ఇంటికొచ్చి ఆ మాట భర్తకి చెప్పి నవ్వింది. అప్పటికి అది నవ్వుకునే మాటలాగే ఉంది.

ఆమెకి ఉన్న భయం ఒక్కటే. ఈ జీవి మామూలు బియ్యానికి అంటుకుంటే దీక్ష పట్టని వాళ్ళ గతేమిటి? ల్యాబులో పదేపదే పరీక్షించింది. గాజు పాత్రలో అందరూ మన్నా అంటున్న ఆ బియ్యం, దుకాణం బియ్యం కలిపి ఉంచేది. మర్నాటికి మన్నా పొడయ్యేది, దుకాణం గింజ చెక్కుచెదరకుండా ఉండేది. పొడి పారబోసి, పాత్ర శుభ్రంగా కడిగి, మళ్ళీ కొత్తగా మొదలుపెట్టేది. ఎన్నిసార్లు చేసినా అదే ఫలితం. తాను పుట్టిన మొక్క గింజని తప్ప పరాయి గింజని ఆ జీవి ముట్టదని తేల్చుకుంది. అయినా జాగ్రత్త కోసం స్త్రీల సమాజంలో ఒక మాట చెప్పింది. పిడికెడు బియ్యం మాత్రం దుకాణంలో కొన్నవే తియ్యండి అని.

పిడికెడు బియ్యం అంటే ఏమిటో తెలియని వాళ్ళకి చెప్పాలి. ఎసట్లో పోసే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న కుండలో వెయ్యడం అక్కడి క్రైస్తవ కుటుంబాల్లో ఆడవాళ్ళకి అమ్మమ్మల నాటి అలవాటు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి గుడి వసారాలోని పెద్ద డబ్బాలో పోస్తారు. పక్క ఊళ్ళ నుంచి వచ్చే కుటుంబాలూ అందులోనే పోస్తాయి. చేపలు గుడ్లు పెట్టే వేసవి నెలల్లో సర్కారు వేట ఆపించేస్తుంది, పడవలు కదలవు. అంతకుముందే ఆ డబ్బా తెరిచి పల్లెపాలెం ఇళ్ళకి పంచుతారు. ఆ బియ్యంతోనూ, ముందు నుంచీ కొని దాచుకున్న బియ్యంతోనూ ఆ పేట వేసవి గట్టెక్కుతుంది.

దీక్ష మొదలైన మరుసటి ఏడు, వేట ఆగిన కొన్నాళ్ళకి కృపమ్మ ఒక స్టీలు గిన్నె పట్టుకుని కెజియా ఇంటికొచ్చింది. గిన్నె మీద కొంగు కప్పి ఉంది. కొంగు తియ్యకముందే కెజియా ఆ వాసన పోల్చుకుంది.

"గుడిలో పంచిన బియ్యమా పెద్దమ్మా ఇది?"

"గుడియ్యి మొన్ననే పోయినియ్యి. పోతే పోయినియ్యిలే, ఊరికే వచ్చినియ్యి ఊరికే పోయినియ్యి అనుకున్నా. అదే డబ్బాలో ఉన్న ఇయ్యి నేను కొనుక్కున్నయ్యి. ఏడాది పొడుగునా ఎండుచేపలమ్మి కూడబెట్టినయ్యి. అడుగుదాకా ఇట్టాగే ఉంది."

"మిగతా ఇళ్ళలో?"

"వచ్చి చూసుకో," అంది కృపమ్మ. గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

కెజియా పల్లెపాలెంలో ఇల్లిల్లూ తిరిగి డబ్బాల మూతలు తీసి చూసింది. కొన్నిట్లో పైన గింజలు బాగానే ఉన్నాయి, చెయ్యి లోపలికి పెడితే పొడి. కొన్నిట్లో మొత్తం పొడే. ఆడవాళ్ళు ఆమె మొహంలోకి చూస్తూ వెంటే నడిచారు. ఒకావిడ మాత్రం తన డబ్బా మూత తియ్యనివ్వలేదు. చూడకుండా ఉంటే బాగానే ఉంటుందన్నట్టు దాని మీద కూర్చుంది.

అక్కడి నుంచి కెజియా తిన్నగా రత్నకుమారి వంటింట్లోకి వెళ్ళింది.

"పిడికెడు బియ్యం దుకాణంలో కొన్నవి తియ్యమన్నాను కదండీ?"

"అదేం మాట అమ్మగారూ," అంది రత్నకుమారి. "మనం తినేదొకటీ దేవుడికిచ్చేదొకటీనా? కొలిచిన బియ్యంలోంచి తీస్తేనే అది కానుక. కొనుక్కొచ్చి పోస్తే చందా అవుద్దిగానీ."

"మర్నాటికి పొడైపోయేది కదా?"

"పొద్దున్నే ఆ పొడి చేత్తో తీసేసి తాజా పిడికెడు వేసేవాళ్ళం. ఆదివారంది ఆదివారం తెచ్చి డబ్బాలో పోసేవాళ్ళం. అందరం అంతే. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు. మొన్న పంచేటప్పుడు మీరు ల్యాబు పని మీద ఊళ్ళో లేరుగా, డబ్బాలో కాస్త పొడుంటే జల్లెడ పట్టి శుభ్రంగానే ఇచ్చామండీ."

"కుండ కడిగేవారా?"

రత్నకుమారి నిజంగా తెల్లబోయింది. "పిడికెడు కుండ ఎవరన్నా కడుగుతారా? అది ఖాళీ కాకూడదు కదండీ. మా అత్తగారు నా చేతికిచ్చినకాడి నుంచీ దాని అడుగు నేను చూడలేదు."

ఆమె తప్పు చేశానని అనుకోవడం లేదు. తనకి తెలిసిన భక్తి తాను చేసింది. కెజియా ఆ కుండని ల్యాబుకి తీసుకెళ్ళి అడుగు గీకి చూసింది. పాత గింజలు, వాటి మీద ఏడాది పొడి. గాజు పాత్రలో ఆ జీవికి ఎప్పుడూ ఒక్క పూటే గడువుండేది, మర్నాడు కడిగెయ్యడంతో దాని కథ ముగిసేది. కుండలో ఎవరూ కడగలేదు. తన గింజ అయిపోయాక అది ఆకలితో, చుట్టూ పరాయి గింజల మధ్య, రోజుల తరబడి కూర్చుంది. చచ్చినవి చచ్చాయి. బతికినవి పరాయి గింజ తినడం నేర్చాయి. పరీక్ష ప్రతిసారీ పాత్ర కడిగి మొదలుపెట్టాలని ఆమెకి నేర్పిన గురువులు మంచివాళ్ళే. వంటిల్లు అలా ఉండదని వాళ్ళకీ తోచలేదు, వంటింట్లో పుట్టి పెరిగిన ఆమెకీ తోచలేదు.

ఆ సాయంత్రం గుడిలో, ఖాళీ బల్లల మధ్య, భర్తకి అంతా చెప్పింది.

"ఉడకని పచ్చి గింజ దొరక్కపోతే ఆ జీవి నెల తిరిగేలోపు చస్తుంది. దొరికితే ఆగదు. పొలం తగలబెట్టాలి. ఊళ్ళో ఉన్న గింజ, సంచులు, కుండలు, అన్నీ. ఒక నెల ఈ ఊళ్ళో పచ్చి గింజ అన్నది ఉండకూడదు. పట్నం గోడౌన్లకి ఇక్కడి నుంచి రొయ్యల లారీలు రోజూ పోతున్నాయి. డైరెక్టరు గారికి ఫోన్ చేశాను, రేపట్నించి దారులు మూయిస్తామన్నారు."

నెహెమ్యా బల్ల అంచుని బొటనవేలితో రుద్దాడు.

"పోనీ," అన్నాడు.

"ఏంటి పోనీ?"

"పట్నానికి పోనివ్వు. అక్కడి నుంచి ఇంకో పట్నానికి. గోడౌన్లన్నీ పొడైపోనివ్వు. ఒక్కసారి ఆలోచించు కెజియా. ఎవడూ దాచుకోలేని లోకం. దాచుకోలేడు కాబట్టి పంచక తప్పదు. ఇక్కడ కళ్ళారా చూశాం కదా. లోకం తనంతట తాను చెయ్యెత్తదు. ఎన్ని ప్రసంగాలు చేసినా ఎత్తదు."

అతడు కఠినుడు కాదు. అతడి గొంతులో ఉన్నది ఆశ. ఆమెకి భయం వేసింది అందుకే. పల్లెపాలెం నుంచి వస్తూ దారిలో ఆమెకీ సరిగ్గా అదే ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడి, గబగబా నడిచింది.

"పల్లెపాలెం వాళ్ళు చెయ్యెత్తారా?" అంది.

"వాళ్ళకి మన పొలం ఉంది. రోజూ కోసి మనమే ఇద్దాం."

"రోజూ మనం ఇస్తాం, రోజూ వాళ్ళు గుడి ముందు నిలబడతారు. ఒక్క తుఫానుకి చేను పడిపోతే మనకి పట్నంలో మీ అన్నయ్య ఇల్లుంది, జెకర్యా గారికి కారుంది. కృపమ్మకి ఏముంది? ఆ డబ్బానే కదా ఉన్నది."

"సరే, తగలబెడదాం. రేపు వాళ్ళేం తింటారు?" అతడు మొదటిసారి గొంతు పెంచాడు. "చెప్పు. ఇవాళ ఈ ఊళ్ళో తినడానికి పనికొచ్చే గింజ ఎక్కడుంది? ఆ పొలంలోనే ఉంది. అన్నీ పోయిన వాళ్ళ ముందు మిగిలిన ఒక్కటీ తగలబెడతావా?"

దానికి జవాబు చెప్పాల్సింది తాను కాదని ఆమెకి తోచింది.

తెల్లారాక కెజియా పల్లెపాలెం వెళ్ళి, ఒడ్డున లాగి ఉన్న పడవల నీడలో ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పింది. తగలబెడితే మర్నాటి నుంచి ఊళ్ళో గింజ ఉండదని, పట్నం సంఘాల వాళ్ళు వండిన అన్నం పంపుతామన్నారని, వేళకి వస్తుందో రాదో తనకి తెలియదని చెప్పింది. తగలబెట్టకపోతే రోజూ పొలం నుంచి తిండి దొరుకుతుందని, డబ్బాలు మాత్రం ఇంక ఎప్పటికీ నిండవని చెప్పింది.

"ఉండనియ్యండి పొలాన్ని," అన్నాడు ఒకతను. "పిల్లలున్నారు. రోజూ దొరికేదాన్ని కాలబెట్టుకునే ఎర్రోళ్ళు ఉంటారా?"

కొందరు అవునన్నారు. కృపమ్మ కెజియా వైపు తిరిగింది.

"అవతలి రేవులో మా ఆడబిడ్డ ఉంది. ఆడికీ పోయిద్దా ఇది?"

"పోతుంది పెద్దమ్మా."

"ఆ పై రేవుకి?"

"ఎక్కడ బియ్యముంటే అక్కడికి పోతుంది."

కృపమ్మ అందరికీ వినపడేలా మాట్లాడింది, కెజియాతో మాట్లాడుతున్నట్టే.

"మావోళ్ళు సముద్రం మీదుండగా గాలి లేచిందనుకో. ఏ పొద్దుకి తిరిగొస్తారో దేవుడికే తెలవాల. అప్పుడు ఇంట్లో ఆడది ఏం చేసిద్దో తెలుసా? డబ్బా మూత తీసి చూసుకుంటది. గింజలుంటే మూత పెట్టేసి, పిల్లలకింత ఉడకేసి, మనిషొచ్చేదాకా ఏడవకుండా కూర్చుంటది. లేకపోతే ఆ పొద్దే ఏడుపు మొదలు. మీ గుళ్ళో దాన్ని దురాశ అన్నారు. నేనూ ఇన్నా. పెద్దోళ్ళు చెప్తన్నారు గదా అని నోరు మూసుకున్నా." ఆమె లేచి కొంగు దులుపుకుంది. "ఇంకే రేవులోనూ ఏ ఆడదీ ఖాళీ డబ్బా చూసుకోకూడదు. కాలబెట్టండి. ముందు ఇయ్యాల్టి కూడు కోసుకుని తింటాం, ఆనక కాలబెట్టండి. మీ అయ్యగారే అంటించాల."

పిల్లలున్నారన్న మనిషి భార్య అప్పటికే కొడవలి కోసం వెళ్ళింది.

ఆ రోజు దీక్ష పట్టినవాళ్ళూ పట్టనివాళ్ళూ కలిసి కోశారు. గుడి ముందు వండుకుని తిన్నారు. తిన్నాక ఇంటింటి నుంచి పిడికెడు కుండలు వచ్చాయి. రత్నకుమారి తన కుండని తానే నేలకేసి కొట్టింది. కొట్టాక మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. దేవుడిచ్చిన పంటని కాల్చడం మహా పాపమని జెకర్యా గారు నెహెమ్యా చెయ్యి పట్టుకుని చెప్పారు. నెహెమ్యా ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, గట్టు దిగి, ఎండుగడ్డికి నిప్పంటించాడు. నమ్మి అంటించాడో, కృపమ్మ మాట కాదనలేక అంటించాడో కెజియాకి తెలియలేదు. పచ్చి చేను తొందరగా అంటుకోలేదు. కిరసనాయిలు చల్లాల్సి వచ్చింది. చీకటి పడేలోగా పొలం నల్లబడింది.

మర్నాడు అన్నం బండి మిట్టమధ్యాహ్నానికి వస్తుందన్నారు. దారి మూసిన చోట పోలీసులు ఆపారట, పొద్దు వాలాక గానీ రాలేదు. ముందు పల్లెపాలెం వాళ్ళని వరసలో నిలబెట్టారు, వెనక సంఘం వాళ్ళు నిలబడ్డారు. వరసలో నిలబడడం రత్నకుమారికి అలవాటు లేని పని. పళ్ళెం గుండెలకి ఆనించుకుని, ముందువాళ్ళకి ఎంత పడుతోందో మెడ చాచి చూస్తూ నిలబడింది. కెజియాని మాత్రం, నిన్నటి నుంచి కాలు నిలవకుండా తిరిగిన మనిషని, అందరూ కలిసి ముందుకి నెట్టారు. ఆమె కాదనలేదు. వేడి అన్నం, నీళ్ళ పప్పు. పక్కన ఎవరున్నారో చూడకుండా ఆఖరి మెతుకు దాకా తిన్నది.

నెహెమ్యా చిట్టచివర నిలబడ్డాడు. సంఘ కాపరి చోటు అదేనని అతడి లెక్క. అతడి వంతు వచ్చేసరికి గరిటె గుండిగ అడుగున గీసుకుంది. వడ్డించే పెద్దమనిషి గుండిగ వంచి చూపించాడు.

"క్షమించండి అయ్యగారూ. ఇంతమంది అనుకోలేదు. రేపు తొందరగా వస్తాం."

"పర్వాలేదండీ," అన్నాడు నెహెమ్యా. అని, "రేపు ఎన్నింటికి?" అని అడిగాడు. ఆయన చెప్పాడు. బండి కదిలేలోగా నెహెమ్యా మళ్ళీ ఒకసారి వెళ్ళి అదే అడిగొచ్చాడు.

వచ్చి గుడి మెట్ల మీద కెజియా పక్కన కూర్చున్నాడు. ఎదురుగా కృపమ్మ ఇంకా తింటోంది. తన పళ్ళెం వైపు నెహెమ్యా చూస్తున్నాడని కృపమ్మకి తెలుసు. తలెత్తి అతణ్ణి చూసింది కూడా. చివరి ముద్ద నోట్లో పెట్టుకుని, పళ్ళెం కడుక్కుని ఇంటికి పోయింది. ఆ పోవడంలో కోపమేం లేదు. ఆమెకి ఆకలేసింది, తిన్నది.

పెళ్ళయినప్పటి నుంచీ కెజియా అతడి ఉపవాసాలు చాలా చూసింది. ఉపవాసం ఉన్న రోజున అతడి మొహం తేటగా ఉండేది, మాట మెత్తబడేది, ప్రార్థన మామూలు కంటే సాగేది. ఇప్పుడు ఆ మొహం చిన్నబోయి ఉంది. ఎవరో మెట్ల దగ్గర ఆగి ప్రార్థన చెయ్యమని అడిగితే, రేపు చేస్తానని పంపేశాడు. కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఖాళీ పళ్ళెం తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆకలేస్తోంది, కెజియా," అన్నాడు.

ఆ మాట అతడి నోట ఆమె ఎన్నడూ వినలేదు. వెంటనే లేచింది. గుడి పక్కనే ఉన్న తమ ఇంటి తలుపు దాకా వెళ్ళాక, ఇంట్లో ఏ డబ్బాలోనూ ఏమీ ఉండదని గుర్తొచ్చి, తిరిగొచ్చి అతడి పక్కన కూర్చుంది.